చేను గట్టు నుంచి చెరువు గట్టు దాకా

పొద్దు ఇంకా పొడవలేదు. మక్కచేను గట్టు మీద బాపు వెనకాలే నడుస్తున్నాం. గడ్డి మీది మంచు చెప్పుల్లోకి దిగి కాళ్లు చల్లబడుతున్నాయి. బాపు చేతిలో కొడవలి, భుజం మీద తడిపిన గోనెసంచి. వెనక ఇద్దరు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. జనగామ వైపున్న ఈ పల్లెలో ఇవాళ సద్దుల బతుకమ్మ. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలైన తొమ్మిది రోజుల పండుగకు ఇది ఆఖరి రోజు, అన్నిటికన్నా పెద్ద బతుకమ్మను పేర్చే రోజు. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. పండుగకు కావలసిన సరుకు మాత్రం ఎప్పటిలాగే ఈ గట్ల మీదే దొరుకుతుంది.

"పూలకు పోవుడు మొగోళ్ల పని, పేర్చుడు ఆడోళ్ల పని. జెర జల్ది నడువుండ్రి, ఎండొస్తే తంగేడు వాడుతది" అంటున్నాడు బాపు, వెనక్కి తిరగకుండానే.

మక్కచేను దాటగానే పత్తిచేను అంచున గునుగు. మోకాలి ఎత్తు దాటిన మొక్కలు, ప్రతి కొమ్మ కొసనా వేలెడు కంకి. ఒకటి తెంపి దగ్గరగా చూడండి. అడుగున వెండి తెలుపు, పైకి పోయేకొద్దీ లేత గులాబీ, కొసన ముదురు గులాబీ. వేళ్ల మధ్య పెట్టి రాస్తే గరగరమంటుంది. పువ్వులో తడి తక్కువ. అందుకే గునుగు వాడిపోదు, కోసిన చాలా రోజులకు కూడా రూపు చెడదు, రంగునీళ్లలో ముంచితే రంగును పట్టి నిలుపుకుంటుంది. బతుకమ్మకు గోడ కట్టేది ఈ పువ్వే.

రైతు లెక్కలో మాత్రం ఇది కలుపు. విత్తనాలు పడ్డ నాటి నుంచీ పీకుతూనే ఉంటారు, అది మొలుస్తూనే ఉంటుంది. పీకిన లేత మొక్క వృథా పోదు. ఆకు గిల్లి పప్పులో వేసుకుంటారు, వేపుడు చేసుకుంటారు. చేలోంచి తప్పించుకుని గట్టెక్కిన మొక్కలు ఇప్పుడు పూతకొచ్చి పండుగకు పనికొస్తున్నాయి.

"గట్ల పైపైన తెంపకు బిడ్డా. జానెడు కాడ ఉంచి కొయ్యి. కాడ లేకపోతే మీ అవ్వ నన్ను తిడ్తది." పిల్లవాడి చెయ్యి పట్టుకుని కొడవలి ఎక్కడ ఆనించాలో చూపిస్తున్నాడు బాపు. ప్రతి గుంపులోనూ నాలుగైదు మొక్కలు కోయకుండా వదిలేస్తున్నాడు. వాటి కంకులు ఎండి, నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలితేనే మళ్లీ ఏడాది ఇక్కడ పువ్వు ఉంటుంది.

పూలసంచి సగం నిండాక బీడు భూమిలోకి మళ్లాం. రాళ్ల మధ్య నడుమెత్తు తంగేడు పొదలు. ఒక్క కొమ్మకు గుత్తులు గుత్తులుగా పసుపు. తేనెటీగలు మనకన్నా ముందే పనిలో ఉన్నాయి. తంగేడు పువ్వును అరచేతిలో పెట్టుకుంటే ఐదు రేకులూ ఒక్క తీరుగా ఉండవు. రేకుల మీద సన్నటి ఈనెలు, మధ్యలోంచి వంపు తిరిగి బయటికొచ్చిన కేసరాలు. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదే. నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా, ఎరువు వేసేవాళ్లు లేకపోయినా గరప నేలలో బతుకుతుంది. పూర్వం తోళ్లు శుద్ధి చేయడానికి దీని బెరడునే వాడేవాళ్లు. పచ్చి రొట్టను పొలంలో తొక్కితే ఎరువు, పుల్ల విరిస్తే పండ్లపుల్ల. బాపు కొమ్మ కొసలే కోస్తున్నాడు, మొదలు ముట్టుకోవడం లేదు. కొస కోసిన చోట కొత్త చిగుళ్లు వస్తాయి. కోసిన గుత్తులను తడి గోనెలో చుట్టాం. గునుగుకు లేని నాజూకుతనం తంగేడుకు ఉంది, ఎండ తగిలితే మధ్యాహ్నానికే ముడుచుకుపోతుంది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో కల్లాపి ఆరింది. చాప పరిచి ఉంది. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది, పక్కన దారపు ఉండ, పాత కత్తిపీట. సంచి గుమ్మరించగానే వాకిలంతా పచ్చివాసన. పెరట్లోంచి చిన్నమ్మ తెచ్చిన గంపలో బంతి, చేమంతి, సీతజడ, పోకబంతి, గడ్డిపూలు. వాటి మీద విడిగా పెట్టిన గుమ్మడి పూలు.

గుమ్మడి పువ్వు కోయడంలో ఒక తెలివి ఉంది. పువ్వు అడుగున చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, దాన్ని కోస్తే కాయ పోతుంది. పొడుగాటి సన్న కాడ మీద ఒంటరిగా నిలబడ్డది మగపువ్వు, తీగ మీద అవే ఎక్కువ. తేనెటీగలకు కొన్ని వదిలి మిగతావి కోసుకోవచ్చు. బతుకమ్మకు పెట్టగా మిగిలిన మగపూలను చిన్నమ్మ శనగపిండిలో ముంచి బజ్జీలు వేస్తానంటోంది.

అవ్వ చేతులు చూడండి. పది పదిహేను గునుగు కంకుల తలలు ఒక వరసకు తెచ్చి, కాడలు దగ్గర పట్టి, దారం రెండు చుట్లు తిప్పి ముడేసి, అడుగున కత్తిపీటకు ఒక్క కోత. కట్ట నిలబెడితే నిలబడుతుంది. అన్ని కట్టలూ ఒకే ఎత్తు. కొలత లేదు, అవ్వ బొటనవేలు నుంచి చూపుడువేలు కొస దాకా ఎంతుంటే అంత. కోసి పడేసిన కాడల ముక్కలను కూడా ఊడవనివ్వదు. "అవి కడుపులకు గావాలె" అంటుంది. బతుకమ్మ కడుపులోకి, అంటే పూల వరసల మధ్య ఖాళీని నింపడానికి.

పక్కనే మూడు గిన్నెల్లో రంగులు. చాలా ఇళ్లలో బజారు రంగుల పొడి కలుపుతారు. ఈ ఇంట్లో పెరడే రంగుల దుకాణం. మొదటి గిన్నెలో చిక్కటి పసుపు నీళ్లు. రెండో దాంట్లో అదే పసుపుకు చిటికెడు తడి సున్నం కలిపారు, నీళ్లు కళ్ల ముందే ఎర్రబడ్డాయి. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి తయారయ్యేది ఇలాగే. మూడో గిన్నెలో బచ్చలి పండ్ల రసం. కంచె మీద పాకిన బచ్చలికి ఈ కాలంలో నల్లటి చిన్న పండ్లు గుత్తులుగా వస్తాయి. గుడ్డలో వేసి పిండితే ముదురు ఊదా రంగు. పిల్లల వేళ్లు, నోళ్లు, చొక్కాలు అప్పటికే ఊదా. గునుగు కట్టను తలకిందులుగా పట్టుకుని రంగులో ముంచి, ఒక్కసారి దులిపి, నీడన గోడకు ఆనిస్తున్నారు. తెల్ల గునుగు కొంత ముంచకుండా ఉంచారు, మధ్యలో తెలుపు లేకపోతే రంగులు తేలవు. ఇవి బజారు రంగులంత గాఢంగా రావు. చెరువులో కలిసినప్పుడు మాత్రం నీళ్లలోకి పోయేది పసుపూ పండ్ల రసమే.

ఇక పేర్చడం. వెడల్పాటి ఇత్తడి తాంబాలం. దాని మీద పెద్ద గుమ్మడాకులు, అంచులు బయటికి వచ్చేలా. గుమ్మడాకు దొరకని వాళ్లు ఆముదపు ఆకులు పరుస్తారు. తాంబాలం లేకపోతే వెదురు శిబ్బి. అమ్మ మొదటి వరస తంగేడుతో మొదలుపెట్టింది. పూల తలలు బయటికి, కాడలు లోపలికి. చుట్టు పూర్తికాగానే మధ్యలోని గుంటలో కాడల ముక్కలు, తంగేడు ఆకు నింపి అరచేత్తో అదిమింది. బలమంతా ఈ అదమడంలోనే ఉంది. కింద గుల్లగా ఉంటే నాలుగు వరసలు పెరిగేసరికి ఒక పక్కకు ఒరుగుతుంది. తర్వాత ఎర్ర గునుగు వరస, దాని మీద బంతి, ఆ పైన తెల్ల గునుగు, ఊదా గునుగు, సీతజడ. ఒక్కో వరసా కింది దానికన్నా వేలెడు లోపలికి. చూస్తుండగానే గోపురంలా లేస్తోంది. పిల్లలు పూలు అందిస్తుంటే అవ్వ దూరం నుంచి ఒక కన్ను మూసి చూసి చెబుతోంది: "తూర్పు దిక్కు వంగింది. ఇంకో పిడికెడు నింపు."

నడుమెత్తు అయ్యాక కొసన గుమ్మడి పువ్వు. ఆ పక్కనే తమలపాకులో పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. అగరొత్తులు గుచ్చి బతుకమ్మను దేవుడి దగ్గర పెట్టారు. అందరికంటే ముందు అవ్వ చేతులు జోడించింది. మూడు నెలలు చేలోంచి పీకి పారేసిన మొక్కకే ఇప్పుడు ఇల్లంతా దండం పెడుతోంది.

వంటింట్లోకి పోదాం. మక్క కంకులు కుప్పగా ఉన్నాయి, చిన్నమ్మ గోరుతో ఒక్కో కంకి గింజను గుచ్చి చూస్తూ మూడు కుప్పలు చేస్తోంది. పాలు చిమ్మితే లేతది, ఉడకబెట్టడానికో నిప్పుల మీద కాల్చడానికో. గోరు దిగుతూ పాలు చిక్కగా, కొద్దిగా వస్తే గారెలకు. గోరు దిగకపోతే ముదురు, అది ఎండబెట్టి దాచడానికి. గారెల కుప్పలో ఆరు పెద్ద కంకులు తీసుకుంది. గింజలు ఒలిచి, నాలుగు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి చుక్క నీళ్లు లేకుండా రుబ్బుతోంది. మరీ మెత్తగా కాదు, అక్కడక్కడ గింజ పంటికి తగలాలి. తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర కలిపి, తడి చేసిన మోదుగాకు మీద వేళ్లతో వత్తి నూనెలోకి జారవిడిచింది. అంచులు ఎర్రబడగానే తిప్పేసింది. మక్కల తీపి, పచ్చిమిర్చి కారం కలిసిన ఆ వాసనకు వాకిట్లో పూల పని ఆగిపోయింది.

ఒలిచిన బెండ్లు పొయ్యిలోకి పోతాయి. ముదురు కంకుల పొట్టును పూర్తిగా తీయకుండా వెనక్కి మలిచి, రెండేసి కంకులు ముడేసి పొయ్యి పైనున్న దూలానికి వేలాడదీశారు. పొగ తగులుతుంటే పురుగు పట్టదు. కింద చూస్తే వంటిల్లు, పైన చూస్తే వచ్చే ఏడాది విత్తనం.

ఈ రోజుకు పేరు తెచ్చిన సద్దులు, అంటే కలిపిన అన్నాలు, ఐదు: చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. ఐదింటిలో నువ్వుల సద్దికే ఈ కాలపు రుచి ఎక్కువ. కొత్త నువ్వులు చిటపటలాడేదాకా సన్న మంట మీద వేయించి, ఎండుమిర్చి, ఉప్పుతో కచ్చాపచ్చాగా దంచి, ఆరబెట్టిన అన్నంలో కలిపారు. రోలు చుట్టూ నూనె వాసన. పక్క గిన్నెలో మలీద: జొన్నరొట్టెలు వేడివేడిగా నలిపి, బెల్లం తురిమి, నెయ్యి వేసి ముద్దలు కట్టారు. ఇంకో గిన్నెలో సత్తుపిండి: వేయించిన పల్లీలు, వేయించిన మక్కలు, చక్కెర కలిపి విసిరిన పొడి. ఫ్రిజ్ అక్కర్లేదు, వారం దాకా నిలవ ఉంటుంది. వడ్డించడానికి మోదుగాకు దొప్పలు, ఆకులు మడిచి సన్నటి పుల్ల గుచ్చితే అయిపోయింది.

ఎండ పడమటికి వాలేలోపు కొంచెం తీరిక. పెరట్లోకి రండి. బీరపాదు పసుపుబారింది. చివరి కాయలు నాలుగు కోయకుండా తీగకే వదిలేశారు. తోలు గోధుమరంగుకు తిరిగి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా అవి అక్కడే ఉండాలి. అప్పుడు తొక్క ఒలిచి, గింజలు దులిపి, పీచును నీళ్లలో నానబెట్టి ఎండబెడితే ఒంటికి రుద్దుకునే పీచు ఒకటి, గిన్నెలు తోముకునే పీచు రెండు. దులిపిన గింజలు వచ్చే వానాకాలానికి. ప్లాస్టిక్ స్క్రబ్బర్ అరిగి పొడిగా మారి మురుగులోకి పోతుంది, ఇది అరిగితే ఎరువు గుంతలోకి పోతుంది.

పందిరి మీది పెద్ద సొరకాయకు కూడా అదే మర్యాద. కాడ ఎండి, పైతోలు చెక్కలా గట్టిపడ్డాక తెంపి, నెలా రెండు నెలలు నీడన ఉంచి, మూతి కోసి, లోపలి చేదు గుజ్జును నీళ్లతో నానబెట్టి గీకేస్తే బుర్ర తయారు. గింజలు దాచుకోవచ్చు. చెరువులో ఈత నేర్చుకునే పిల్లలు నడుముకు కట్టుకునేది ఈ బుర్రలనే. గుమ్మడి, సొర, దోస గింజలను అవ్వ పేడలో కలిపి గోడకు పిడక కొట్టి ఉంచింది, పురుగు ముట్టదు. పెసలు, బొబ్బెర్లు బూడిద కలిపిన కుండలోకి. పిల్లలేమో జొన్నదంటు చీల్చి, లోపలి బెండు ముక్కలను పుల్లలతో గుచ్చి ఎడ్లబండి చేసేశారు. బండికి చక్రాలున్నాయి, ఎడ్లకు కొమ్ములున్నాయి.

డప్పు వినిపిస్తోంది. సాయంత్రమైంది. తలల మీద బతుకమ్మలతో వాడలు కదిలాయి. చెరువు గట్టు మీద అన్ని ఇళ్ల బతుకమ్మలనూ ఒక్క చోట దించారు. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ తిరుగుతున్నారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడుతున్నారు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు, అత్తగారింటి కబుర్లు, పిల్లల గోల. చీకటి పడుతుండగా ఒక్కొక్కటిగా నీళ్లలోకి వదిలారు. పూల బరువుకు కాసేపు ఊగి, మెల్లగా విచ్చుకుని వరసలు వరసలుగా నీటి మీద పరుచుకున్నాయి. గౌరమ్మ పసుపును చెంపలకు, పుస్తెలకు పూసుకుని, వాయనాలు ఇచ్చిపుచ్చుకుని, సద్దులు పంచుకున్నారు. కొన్నాళ్లకు ఈ పూలు కుళ్లి చెరువులో కలిసిపోతాయి.

ఎల్లుండి దసరా. ఆ రోజు జమ్మి ఆకు, జొన్న కంకి కలిపి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఆ ఆకే బంగారం. గుమ్మాలకు కట్టిన బంతి దండలు పండుగ అయ్యాక చెత్తకుండీకి పోనవసరం లేదు. రేకులు విడదీసి నీడన ఎండబెట్టండి. వంద గ్రాముల నూలు బట్టకు రంగు వేయాలంటే వంద గ్రాముల ఎండు రేకులు సరిపోతాయి. బట్టను ముందు కరక్కాయ నీళ్లలో, తర్వాత 15 గ్రాముల పటిక కరిగించిన వేడి నీళ్లలో నానబెట్టి, బంతి రేకులు మరిగించి వడగట్టిన రంగులో గంటసేపు సన్న మంట మీద ఉంచితే బంగారు పసుపు వస్తుంది. కలంకారీ బట్టకు కరక్కాయ పట్టించేది కూడా ఇందుకే, రంగు నిలవడానికి. పొద్దున్నే పారిజాతం చెట్టు కింద రాలిన పూలు ఏరి, కాషాయపు కాడలు విడదీసి ఎండబెట్టినా వేడి నీళ్లలో చక్కటి రంగు దిగుతుంది.

గుట్టల మీద సీతాఫలాలు కూడా ఇప్పుడే పక్వానికొస్తాయి. కాయ మీది కండ్లు విచ్చుకుని, మధ్య గీతలు లేత పసుపుకు తిరిగితే కోసుకోవచ్చు. వడ్లల్లోనో గడ్డిలోనో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. గుజ్జు తీసి చిక్కటి చల్లారిన పాలలో కలిపితే మరో తీపి అక్కర్లేదు. గింజలు మాత్రం కొరకకండి. పేలకు ఆ గింజల పొడి తలకు రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఆ పని మానుకోవడమే మంచిది.

పొద్దుటి నుంచి చూసిన దాంట్లో డబ్బు పెట్టి కొన్నవి చక్కెర, పటిక, అగరొత్తుల్లాంటివి కొన్నే. మిగతా అంతా చేను, బీడు, పెరడు ఇచ్చినవే. ఏ మొక్కలో ఏ భాగం, ఏ వయసులో, దేనికి పనికొస్తుందో తెలిసిన చేతులు వాటిని పండుగగా మార్చాయి. ఆ తెలివి అవ్వ దగ్గరుంది, బాపు దగ్గరుంది. పిల్లలకు ఇవాళ కొంత అందింది.

అయితే గట్టు మీద పువ్వు లేకపోతే ఈ తెలివి ఎవరికి పనికొస్తుంది? గట్ల మీద కూడా కలుపు మందు కొడితే గునుగు పోతుంది. బీళ్లు ప్లాట్లయితే తంగేడు పోతుంది. హైదరాబాద్‌లో ఇప్పటికే గునుగు కట్టలు మార్కెట్లో కొనుక్కుంటున్నాం, కొన్ని చోట్ల ప్లాస్టిక్ పూల బతుకమ్మలు కూడా కనిపిస్తున్నాయి. పొలం ఉన్నవాళ్లు గట్టు మీద మందు కొట్టడం మానండి, కనీసం ఒక్క గట్టయినా పూలకు వదలండి. ఊళ్లో ఖాళీ జాగా ఉంటే నాలుగు తంగేడు గింజలు చల్లండి. పట్నంలో ఉన్నవాళ్లు కుండీలో ఒక బచ్చలి తీగ, ఒక బీరపాదు పెట్టుకోండి, పిల్లలతో గింజలు దాయించండి. ఈసారి బతుకమ్మ పేర్చేటప్పుడు ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని, ఏ పువ్వు ఎక్కడ దొరుకుతుందో, ఎందుకు పెడతారో అడిగి రాసుకోండి. ఈ చదువు పుస్తకాల్లో తక్కువ, ఆ చేతుల్లోనే ఎక్కువ.